ఖాళీ లేని పెట్టె

పెట్టె అర మీదే ఉంది. మూత మాత్రం తీసి పక్కన పడేసి ఉంది. లోపల ఉండాల్సిన ఉత్తరాల్లో ముందు సగం లేవు.

మధ్యాహ్నం రెండూ పదికి ఆ సంగతి బయటపడింది. రెండున్నరకల్లా దొంగ కూడా దొరికేశాడు. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన ఇన్వెస్టిగేటర్ స్వర్ణ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమె సంతకం ఒక్కటే తక్కువ.

స్వర్ణకి అలాంటి కేసులంటే ఒళ్లు మంట. వండి, వార్చి, విస్తట్లో పెట్టి చేతికిచ్చే కేసుల్లో ఎక్కడో ఒక రాయి పంటికి తగులుతుందని ఆమె అనుభవం.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో, అల్యూమినియం ఫ్యాక్టరీకీ లేబర్ క్యాంపుకీ మధ్య ఉన్న గోడౌన్ అది. పైకి గోడౌనే. లోపల ఓ ధనవంతుడు ప్రపంచమంతా తిరిగి కొన్న పాత కాగితాలు, ఫోటోలు, మ్యాపులు. ఏడాది పొడుగునా పద్దెనిమిది డిగ్రీల చల్లదనం. పక్కనే క్యాంపులో గదికి ఎనిమిది మంది, ఒక ఏసీ, అదీ సగం రోజులు పనిచేయదు. కాగితాలకున్న అదృష్టం మనుషులకి లేకపోయిందే అని స్వర్ణకి తిట్టుకోవాలనిపించింది. కారు దిగుతూ తిట్టుకుంది కూడా.

గేటు దగ్గర గార్డు మీరా హుస్సేన్ ఆమె ఐడీ కార్డు చూసి మొహం విప్పార్చాడు. కాకినాడ మనిషి.

"మన తెలుగోళ్లేనాండీ? లోపల మేనేజరు గారూ తెలుగేనండి. ఆ పట్టుబడ్డోడూ తెలుగోడేనండి. ఇద్దరిదీ పక్క పక్క జిల్లాలంటండి."

"అయితే?"

"ఏం లేదండి. మేనేజరు గారు వాణ్ని పేరెట్టి పిలవగా నేనైతే ఇంతవరకూ వినలేదండి."

కలెక్షన్ మేనేజర్ రత్నాకర్ కరీంనగర్‌లో పుట్టాడు, లండన్‌లో చదివాడు, మధ్యలో ఉన్నదంతా మరిచిపోయాడు. మందపాటి కళ్లద్దాలు. ఇస్త్రీ నలగని చొక్కా. స్వర్ణ కూర్చోకముందే క్లెయిమ్ కాగితాలు ఆమె ముందుకి తోశాడు.

"సంతకం పెడితే మీ పని అయిపోతుంది. ఆరింటికి పోలీసులు వస్తున్నారు. ముదీర్ లండన్ నుంచి ఫోన్ చేసేశారు."

ముదీర్ అంటే ఆ గోడౌన్ యజమాని. వేసవిలో ఆయన దుబాయ్‌లో ఉండడు. ఉండాల్సిన అవసరం లేనివాళ్లెవరూ ఉండరు.

"పోయినవి ఏంటి?"

"చెరోకీ, చోక్టా కరస్పాండెన్స్."

"చెరోకీ అంటే జీపు కదా?"

స్వర్ణకి తెలియక కాదు. ఆ మొహంలో ఏం కదులుతుందో చూడాలని. రత్నాకర్ ముక్కుతో గాలి వదిలాడు.

"అమెరికాలో ఎప్పటినుంచో ఉన్న జాతులు మేడం. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి ప్రభుత్వం వాళ్లని సొంత నేల నుంచి పడమరకి తరిమేసింది. ఆ రోజుల్లో వాళ్లు ఒకళ్లకొకళ్లు రాసుకున్న ఉత్తరాలు ఇవి. చెరోకీలకి సొంత లిపి ఉంది, వాళ్లలోనే ఒకాయన కూర్చుని కట్టిన లిపి. చోక్టాలు తమ భాషనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాశారు. పోయినవి చోక్టావి. పెట్టెలో ముందు సగం అవే. వెనక చెరోకీవి అలాగే ఉన్నాయి."

"పెట్టెని తర్వాత ఎవరైనా ముట్టుకున్నారా?"

"చూసిన క్షణంలో పెట్టెలున్న ఆ వాల్ట్‌కి సీల్ వేశాను. దొంగ ఎలా వదిలాడో అలాగే ఉంది. నేను వేలు కూడా పెట్టలేదు. రాసుకోండి."

స్వర్ణ రాసుకుంది.

సీల్ తీసి లోపలికి వెళ్లారు. చలి మోకాళ్లకి తగిలింది. అరల వరసలు, అన్నీ ఒకేలాంటి బూడిద రంగు పెట్టెలు. స్వర్ణ తెరిచిన పెట్టెలోకి తొంగి చూసింది. చెరోకీ ఫోల్డర్లు వెనక నిటారుగా నిలబడి ఉన్నాయి. ముందు భాగంలో, ఉత్తరాలు పోయిన చోట, ఒక దళసరి అట్ట. పెట్టెలో పట్టేలా మడిచి, ఖాళీ అంతా నింపేసి ఉంది. దాని పై అంచు కూడా లోపలికి మడిచి ఉంది. మడత దగ్గర అట్ట తెల్లగా చిట్లింది. చిట్లు కొత్తది.

ఆమె అదీ రాసుకుంది.

"ఆ టైములో మీరెక్కడ?"

"ఆఫీసులో. రెండూ పదికి ఇక్కడికి వచ్చాను. సరుకు దింపుతున్నారని ఆ తలుపులు మూసుకోకుండా చెక్క అడ్డం పెట్టి ఉంచారు. పెట్టె తెరిచి ఉంది. వెంటనే సీల్ వేసి, వెనక తలుపు తోసుకుని బయటికి పరిగెత్తాను. వాడు లారీ దగ్గరున్నాడు. చొక్కా కాలర్‌లోంచి ఫోల్డర్ అంచు కనపడింది."

"అంత దూరం నుంచా?"

"బయట అడుగుపెట్టిన మరుక్షణం చూశాను. కళ్లారా. గోధుమ రంగు అంచు. ఇదీ రాసుకోండి."

"వాణ్ని వెతికితే ఏమీ దొరకలేదట కదా?"

"లారీ డ్రైవర్‌కి అందించేసి ఉంటాడు. నేను వెళ్లేసరికి నిలువెల్లా చెమటలు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు."

"ఆగస్టులో దుబాయ్‌లో చెమట పట్టినవాళ్లంతా దొంగలైతే జైళ్లు సరిపోవు సార్. పదండి, లారీ ఎక్కడుందో చూపించండి."

వాల్ట్ తర్వాత ఒక చిన్న గది, దాని తర్వాత వెనక తలుపు. తలుపు తీయగానే సెగ మొహాన కొట్టింది. సముద్రపు తేమ కలిసిన సెగ. రత్నాకర్ గడప మీదే ఆగి, కళ్లద్దాలు తీసి, జేబురుమాలుతో తుడుచుకుంటూ క్యాంపు మనుషుల మీద ఓ పాఠం చెప్పాడు. వాళ్లకి విలువ తెలియదు, నమ్మకం తెలియదు, చేతికందింది పట్టుకుపోతారు. స్వర్ణ ఆ పాఠం వినలేదు. ఆమె చూపు ఆయన జేబురుమాలు మీద ఉంది.

రేకుల షెడ్డు కింద లారీ ఇంకా ఉంది. రెండు గంటలంటే ఎండలో పని చేయించకూడని వేళ. రేకుల నీడ ఉంది కాబట్టి చెల్లుతుందట. లారీ వెనక చక్రం పక్కన ఒక నీలం సంచి పడి ఉంది. లోపల జెల్లీలాంటి పదార్థం. ఎండకి వేడెక్కి, మెత్తబడి ఉంది. స్వర్ణ దాన్ని తీసి బ్యాగులో వేసుకుంది.

"అది చెత్త," అన్నాడు రత్నాకర్.

"తెలుస్తోంది."

గార్డు రూములో దేవేందర్ నేల మీద కూర్చుని ఉన్నాడు. కుర్చీ ఉంది. కూర్చోమన్నవాళ్లు లేరు.

ముప్పై ఏళ్లుంటాయి. సిరిసిల్ల దగ్గరి పల్లె. లోడింగ్ హెల్పర్. కెమెరాలో అతను వాల్ట్ పక్కనున్న చిన్న గదిలోకి వెళ్లడం, చొక్కా ముందు భాగం ఎత్తుగా ఉబ్బి బయటికి రావడం స్పష్టంగా పడింది. వాల్ట్ లోపల కెమెరా లేదు. దాని వెలుతురు కాగితాలకి పడదని తీయించేశారట.

స్వర్ణ తన సొంతూరు ఆర్మూరు మాటలోకి దిగింది.

"లోపలికెందుకు పోయినవ్?"

"పోలే మేడం."

"కెమెరాల పడ్డవ్."

దేవేందర్ ఇంకాస్త గోడకి జరిగాడు.

"చొక్కల ఏం వెట్టుకున్నవ్?"

"ఏం వెట్టుకోలే."

"రెండు అబద్ధాలు ఓర్సుకున్న. మూడోదానికి లేచి బయటికి పోత. ఆరింటికి పోలీసులొస్తున్నరు, ఎరుకేనా?"

దేవేందర్ రెండు చేతులూ దగ్గరికి తీసుకున్నాడు. వాటిని మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు.

"మా అన్న పర్శరాములు గిట్లనే పోయిండు మేడం. ఈడనే. ఏదో కేసుల ఇరికిచ్చిన్రు. అరబ్బీల ఏం రాసిన్రో తెల్వదు, వేలిముద్ర ఏడ వెట్టిండో తెల్వదు. ఎన్నేండ్లకో ఇడిశిన్రు. ఇంటికొస్తే సొంత బిడ్డ గుర్తువట్టలే. ఎవలో తాత అచ్చిండని లోపటికి ఉరికింది. ఇప్పుడు నా పెండ్లాం ప్రేమకు ఏమని చెప్పాలె? నా బిడ్డకింకా మాటలే రాలే."

స్వర్ణకి జాలి కలిగింది. దాన్ని కోపంగా మార్చుకోవడం ఆమెకి అలవాటే. బ్యాగులోంచి నీలం సంచి తీసి అతని ముందు పడేసింది.

దేవేందర్ మొహం పాలిపోయింది.

"గిది చెత్తదే మేడం! ఫోటోల పెట్టెలు అచ్చినప్పుడు అండ్ల వెడ్తరు గవి, మంచుగడ్డ లెక్క ఉంటయ్. పారేస్తరు. ఎండకు పానం వోతుందని బనీను లోపట వెట్టుకున్న. గా నడిమిట్ల అర్రల సల్లగుందని జరసేపు నిలవడ్డ. గంతే. మా క్యాంపోళ్లం అందరం వెట్టుకుంటం. అది ఏడెక్కినంక ఇసిరికొట్టిన."

"మరి ముందుగాల్నే చెప్తే ఏమైంది?"

"కంపెనీ సామాన్ తీసిండని రాస్తరు గదా. ఐస్ సంచి తీసినోడు కాయితాలు తియ్యడా అంటరు."

నిజమే, అంటారు. రత్నాకర్ ఆ మాట అనడం స్వర్ణకి అప్పుడే వినపడినట్టయింది.

"గా కాయితాలల్ల ఏమున్నది మేడం? బంగారమా?"

"ఉత్తరాలు. ఊరు ఇడిశిపెట్టి పోవాల్సొచ్చినోళ్లు రాసుకున్నయి."

"మరి గవి ఈడెందుకున్నయ్?"

"గదే అడగనీకి పోతున్న."

రీడింగ్ రూముకి అద్దాల గోడ. అవతల కుర్చీలో మీరా హుస్సేన్, ఎవరైనా వస్తేనే లేచి గేటుకి వెళ్తాడు. లోపల ఇద్దరు ఆడవాళ్లు, బల్లకి చెరో చివర.

ఒకామె ఫైజా. రత్నాకర్ అసిస్టెంటు, లక్నో అమ్మాయి. రెండో ఆమె లొరేనా ఇంప్సన్. యాభై దాటిన మనిషి. చోక్టా జాతి. ఒక్లహోమాలో తన జాతి ఆర్కైవ్‌లో పనిచేస్తుంది. స్వర్ణ పేరు చెప్పగానే ఆమె ఇంగ్లిష్‌లో కసిరింది.

"ఇన్సూరెన్సా? అయితే మీరు వాళ్ల పక్షం."

"నేను మా కంపెనీ డబ్బు పక్షం. ఉత్తరాల్లో ఏముంది?"

"అందరూ అదే అడుగుతారు. ఎవరివి అని మాత్రం అడగరు."

"సరే. ఎవరివి?"

"మావి. ఇరవై ఏళ్ల కిందట మా ఆఫీసు వేరే భవనానికి మారింది. ఆ గందరగోళంలో ఒక పెట్టె మాయమైంది. పోయిన ఏడాది మీ ముదీర్ వేసిన ఎగ్జిబిషన్ పుస్తకంలో ఒక ఉత్తరం ఫోటో చూశాను. ఒకామె తమ్ముడికి రాసింది. మొక్కజొన్న నాటాం, గుర్రాన్ని అమ్మకు, ఆఫీసర్ల మాట నమ్మకు, మేము బయల్దేరుతున్నాం అని. చిన్నప్పుడు మా అత్త వేలు పెట్టి చూపిస్తుంటే చదివాను దాన్ని. అక్షరం అక్షరం నాకు తెలుసు."

"రుజువు?"

"ప్రతి ఉత్తరం వెనక మూలన పెన్సిల్ నంబరు ఉంటుంది. మా పాత ఆర్కైవిస్టు చేతి రాత. అసలు కాగితాలు చూపించమని నెలల తరబడి అడిగాను. మీ మేనేజర్ కుదరదన్నాడు. చివరికి యజమానే ఒప్పుకున్నాడు. ఇవాళ మూడింటికి చూపిస్తామన్నారు. రెండూ పదికి పోయాయట. ఎంత బాగా కుదిరిందో!"

"చెరోకీవి కూడా మీరు అడిగారా?"

"లేదు. అవి వేరే చోట సక్రమంగా కొన్నవి. నేను అడిగింది చోక్టావే. దొంగ కూడా సరిగ్గా వాటినే ఎంచుకున్నాడు. చదువుకున్న దొంగ."

స్వర్ణ ఫైజా వైపు తిరిగింది. ఆ పిల్ల ఇందాకటినుంచి గోరు కొరుకుతోంది.

"రెండింటికి నువ్వెక్కడ?"

"ఇక్కడే. ఒంటిగంటన్నర నుంచి. మేడం కూడా అప్పటికే వచ్చేశారు. ఆమె కోసం బల్ల సర్దుతూ."

అద్దం అవతల నుంచి మీరా హుస్సేన్ తల ఊపాడు. తలుపు తీసి చెప్పాడు కూడా. "కదల్లేదండి ఇద్దరూ. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు గానీ, కదల్లేదండి."

"ఫైజా, పెట్టెలో ఖాళీ చోట అట్ట మడిచి ఎందుకు పెడతారు?"

"స్పేసరా?" హిందీలో చెప్పింది ఫైజా. "ఫోల్డర్లు కొన్ని తీసేస్తే మిగిలినవి వాలిపోతాయి. వాలితే పాత కాగితం వంగుతుంది, మడతల దగ్గర చిట్లుతుంది. అందుకే ఖాళీని వెంటనే నింపాలి. మొదటి రోజే నేర్పిస్తారు. ఒకసారి మరిచిపోయానని సార్ నాతో వారం రోజులు మాట్లాడలేదు."

"ఈ పెట్టెలో ముందునుంచీ ఉందా స్పేసర్?"

"లేదే. పెట్టె నిండా ఉత్తరాలే. స్పేసర్‌కి చోటెక్కడ?"

అని ఆగిపోయింది. గోరు నోట్లోంచి జారింది.

"ఇప్పుడు ఉంది," అంది స్వర్ణ. "పై అంచు మడిచి ఉంది. అలా మడుస్తారా?"

"మడవం. ఏ పెట్టెకి ఆ కొలతే కోస్తాం. పై అంచు మడవాల్సి వచ్చిందంటే అది ఎత్తు పెట్టెలది. అవి చివరి వరసలోనే ఉంటాయి. ఫోటోలవి."

ఫైజా కళ్లలో భయం కనపడింది. ఆ భయం ఎవరి గురించో స్వర్ణ అడగలేదు. అడగాల్సిన అవసరం కూడా లేదు.

ఐదుం పావుకి అందర్నీ వాల్ట్ పక్క చిన్న గదిలోకి పిలిచింది. లొరేనా చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది. మీరా హుస్సేన్ దేవేందర్ రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. రత్నాకర్ విరుచుకుపడ్డాడు.

"వీణ్ని లోపలికి తేవద్దు! ఆ తడి చొక్కాతో తేమ పెరుగుతుంది. కాగితాలకి మంచిది కాదు."

"కాసేపు ఓర్చుకుంటాయి లెండి కాగితాలు," అంది స్వర్ణ. "మీరా హుస్సేన్, నువ్వు లారీ దగ్గరికి వెళ్లి నిలబడు. చొక్కా కాలర్‌లో ఏదో ఒకటి పెట్టుకో. ఏం పెట్టుకున్నావో నాక్కూడా చెప్పకు."

అతను వెళ్లాడు. స్వర్ణ వెనక తలుపు తీసి పట్టుకుంది.

"రత్నాకర్ గారూ, రెండూ పదికి ఎలా వెళ్లారో అలా వెళ్లండి. అడుగుపెట్టిన మరుక్షణం చెప్పండి. అతని కాలర్‌లో ఏముంది? కళ్లద్దాలు తుడవకుండా."

ఆయన వెళ్లాడు. నిలబడ్డాడు. రెండు అద్దాలూ తెల్లగా, పాలు పోసినట్టు అయిపోయాయి. చెయ్యి జేబురుమాలు వైపు వెళ్లి మధ్యలో ఆగింది.

"ఏముంది?"

"ఇదంతా నాటకం."

"ఏముందండీ?"

"తుడుచుకుని చూసి ఉంటాను."

"మరుక్షణం అన్నారు. కళ్లారా అన్నారు. రాసుకోమన్నారు. ఏసీలోంచి ఆగస్టులోకి వచ్చిన కళ్లద్దాలకి మరుక్షణంలో తెల్లగోడ తప్ప ఇంకేమీ కనపడదు. ఇందాక నాతో వచ్చినప్పుడు కూడా మీరు తుడుచుకుంటూ నిలబడ్డారు. రోజూ చేసే పని కాబట్టి చేస్తున్నట్టే మీకు తెలియదు. మీరు రెండూ పదికి బయట ఏ అంచూ చూడలేదు. ఆఫీసులో కెమెరా తెర మీద వీడి చొక్కా ఉబ్బెత్తుగా ఉండటం చూశారు. అది చాలనుకున్నారు. గోధుమ రంగు అంచు ఆ కథకి మీరు కుట్టిన జరీ."

దేవేందర్ ఆమె నోటివైపే చూస్తున్నాడు. అర్థమైందో లేదో తెలియదు.

మీరా హుస్సేన్‌తో సహా అందరూ వాల్ట్‌లోకి వచ్చాక స్వర్ణ పెట్టె దగ్గరికి నడిచింది.

"ఇంకో సంగతి. పరుగులో ఉన్న దొంగ ఏం చేస్తాడు? పెట్టె పెట్టెనే ఎత్తుకుపోతాడు. లేదా దొరికింది గుప్పెడు లాక్కుంటాడు. మిగిలినవి పడితే పడనీ. నేనుండే రోలాలో గాజులమ్మే ఆవిడ ఉంది, అచ్చాయమ్మ. పెట్టెలోంచి ఓ డజను గాజులు తీస్తే, డబ్బులు తీసుకోకముందే ఆ సందులో కాగితం ఉండ కుక్కుతుంది. మిగతా గాజులు దొర్లి పగిలిపోకుండా. ఆ పని చేయమని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. చెయ్యి చేసేస్తుంది. ఇక్కడా అంతే. చోక్టా ఉత్తరాలు తీసినవాడు, చెరోకీ ఉత్తరాలు వాలిపోకూడదని స్పేసర్ పెట్టి మరీ పోయాడు."

"ఎవరైనా పెట్టొచ్చు," అన్నాడు రత్నాకర్. 

"వేలు కూడా పెట్టలేదని మీరే అన్నారు. వాల్ట్‌కి సీల్ వేసింది మీరే. కాబట్టి పెట్టింది దొంగే. ఈ కప్పు కింద ఆ పని నేర్చిన చేతులు మూడు జతలు. ఫైజావి, లొరేనా గారివి రీడింగ్ రూములో ఉన్నాయి, గార్డు కళ్ల ముందు. మిగిలింది ఒక జత." స్వర్ణ తిరిగింది. "ఫైజా, చివరి వరస. ఈ అట్ట వచ్చిన ఎత్తు పెట్టెలు. సగమే నిండాల్సింది ఏదైనా నిండుగా ఉందేమో చూడు."

మూతలు తీస్తున్న చప్పుడు. ఒకటి. ఇంకొకటి. తర్వాత చప్పుడు ఆగిపోయింది.

ఫైజా పెట్టెని రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టింది. ముందు పాత ఫోటోలు. వాటి వెనక, స్పేసర్ ఉండాల్సిన చోట, గోధుమ రంగు ఫోల్డర్లు. నిటారుగా, ఒక్కటి కూడా వంగకుండా.

లొరేనా ఒక ఉత్తరాన్ని తిప్పి చూసింది. మూలన సన్నటి పెన్సిల్ అంకె. ఆమె ఏడవలేదు. రత్నాకర్ కళ్లలోకి చూస్తూ తన భాషలో ఏదో అంది. అర్థం ఎవరికీ తెలియదు గానీ, దీవెన కాదని అందరికీ తెలిసింది.

"దీంతో నా మీద ఏదీ నిలవదు," అన్నాడు రత్నాకర్.

"పోనీ ఒక్క అనుమానం తీర్చండి," స్వర్ణ గొంతు తగ్గించింది. "మీకు అడ్డమల్లా ఆ పెన్సిల్ నంబర్లే కదా. రబ్బరు పెట్టి నాలుగుసార్లు రుద్దితే పోయేది. ఇంత గొడవెందుకు?"

"రబ్బరా!" రత్నాకర్ మొహం ఎర్రబడింది. "ఎప్పటి కాగితమో తెలుసా మీకు? దాని మీద రబ్బరు పెట్టమంటారా? నార లేచిపోతుంది. వెనక సిరా పొడి పొడిగా రాలిపోతుంది. నన్నేమనుకున్నారు? అలాంటి పాడు పని నేను చేస్తానా?"

ఫైజా చప్పున ఆయన వైపు తిరిగింది.

"చేయరు," అంది స్వర్ణ. "అందుకే దాచారు."

రత్నాకర్ తన మాట తనే విన్నట్టున్నాడు. స్టూలు మీద కూలబడ్డాడు. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. కొన్నప్పుడే నంబర్లు చూశాడు. దొంగ సరుకని అప్పుడే తెలుసు. అలాంటి ఉత్తరాలు మళ్లీ దొరకవని కొనిపించాడు. అంతా సక్రమమేనని ముదీర్‌కి తనే రాసిచ్చాడు. లొరేనా ఆ ఉత్తరాల వెనక వైపు చూస్తే తన బతుకు బజారున పడుతుంది.

"నేను వాటిని ఎక్కడికీ పంపలేదు. పాడు చేయలేదు. చల్లగా, భద్రంగా ఉన్నాయి. మీరే చూశారు."

"మరి ఇతను?"

రత్నాకర్ దేవేందర్ వైపు చూడను కూడా చూడలేదు.

"హెల్పర్. ఏం చేస్తారు వీణ్ని? కొన్నాళ్లుంచి ఇంటికి పంపించేస్తారు. ఇలాంటివాళ్లు క్యాంపు నిండా ఉన్నారు. ఆ కాగితాలు పోతే మళ్లీ రావు."

స్వర్ణకి అంతవరకూ ఉన్న మర్యాద అక్కడితో అయిపోయింది.

"పెట్టెలో సగం తీస్తే మిగతా సగం కూలిపోవద్దని అట్ట పెట్టినవ్ గదరా! ఈ మనిషిని జైల్ల వేస్తే ఆ ఇంట్ల ఎవలెవలు కూలిపోతరో ఒక్కపాలన్న ఆలోచన చేసినవా? గా పాటి అట్టముక్క ఈనికి దొరకదా నీ దగ్గర?"

 రత్నాకర్ చూపు బల్ల మీదున్న ఉత్తరాల మీద ఉంది. లొరేనా వాటిని గట్టిగా పట్టుకుందేమోనని చూస్తున్నాడు.

స్వర్ణ ఫోన్ మోగింది. ముదీర్. ఫైజా అప్పటికే ఆయనకి సంగతి మెసేజ్ పెట్టింది.

"ఖలాస్," అన్నాడాయన ఇంగ్లిష్ మధ్యలో. "ఉత్తరాలు దొరికాయి. క్లెయిమ్ లేదు, కేసు లేదు. అందరూ పనిలోకి వెళ్లండి. ఆ పోలీసులకి నేను వద్దని చెప్తాను."

"ఆలస్యమైంది సార్. మీ మేనేజర్ పెట్టిన క్లెయిమ్ మధ్యాహ్నమే మా ఆఫీసుకి చేరిపోయింది. అందులో ఉన్నది అబద్ధమని నా రిపోర్టు కూడా ఇప్పుడే వెళ్తోంది. ఉత్తరాలు ఎవరివో తేలేదాకా పోలీసుల దగ్గర ఉంటాయి. లొరేనా గారు కూడా వాళ్లతోనే మాట్లాడతారు."

అవతల అరుపులు వినపడ్డాయి. స్వర్ణ ఫోన్ పెట్టేసింది. ఈ గోడౌన్ నుంచి తమ కంపెనీకి ఇక కేసులు రావు. తనకి బాస్ దగ్గర తిట్లు మాత్రం వస్తాయి. రానీ.

"వీడి పాస్‌పోర్టు ఎక్కడ?"

ఫైజా రత్నాకర్ సొరుగు తీసి, అందులోని కట్టలోంచి వెతికి తెచ్చింది. స్వర్ణ దాన్ని దేవేందర్ చొక్కా జేబులో పెట్టింది. అతను జేబుని పైనుంచి తడిమి చూసుకున్నాడు.

"అయిపోయింది. నువ్వు తియ్యలేదని తేలింది. సమజైందా?"

"ఆఁ మేడం."

సమజైనట్టు లేదు.

బయట వ్యాన్ ఆగిన చప్పుడు. ఇద్దరు పోలీసులు లోపలికొచ్చారు. పెద్దాయన గది అంతా ఒకసారి చూసి, దొంగ ఎవరని ఇంగ్లిష్‌లో అడిగాడు.

 గార్డు కళ్లు దేవేందర్ మీదికి వెళ్లాయి. ఫైజా కళ్లూ వెళ్లాయి. అంతా తెలిసిన లొరేనా కూడా అటే చూసింది. స్వర్ణ సిగ్గుతో చచ్చిపోయింది, ఎందుకంటే ఒక్క రెప్పపాటు తనూ అటే చూసింది.

దేవేందర్ ఎవరూ చెప్పకుండానే ఒక అడుగు ముందుకేశాడు. రెండు మణికట్లూ దగ్గరికి చేర్చి పోలీసు ముందుకి చాపాడు.

"నువ్వు కాదు," అంది స్వర్ణ. "దేవేందర్, చేతులు దించు. నువ్వు కాదు."

అతను దించలేదు. ఆమె వెళ్లి రెండు చేతులూ పట్టుకుని కిందికి నొక్కింది. మళ్లీ లేచాయి. మళ్లీ నొక్కింది. అవి వాటంతటవే పైకి వస్తున్నాయి. స్వర్ణ ఇక వాటిని వదలకుండా తన రెండు చేతుల్లో గట్టిగా పట్టుకుని నిలబడి, స్టూలు మీదున్న రత్నాకర్ వైపు గడ్డంతో చూపించింది.